రెండు సీట్ల ఎర్ర బండి

ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆమెను అందరూ నడుం డాక్టరమ్మ అనేవారు. తను డాక్టరును కానని మొదట్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి మానేసింది. ఆమె గదిలో గోడకు వెన్నుపూస బొమ్మ, దాని కింద ఒక మంచం, ఓ మూల సాగే రబ్బరు పట్టీలు, రోగి కూర్చోవడానికి ఎత్తైన కుర్చీ ఉండేవి. ఎత్తైన కుర్చీ ఎందుకంటే, నడుము పట్టేసినవాళ్ళు పల్లంగా కూర్చోకూడదని ఆమె రోజంతా చెప్పే మాట. సోఫాలు మానండి, పీటలు మానండి, కూర్చుంటే కిందికి కూరుకుపోయే సీటు ఏదైనా సరే మానండి. అలాంటి మనిషి నేలకు జానెడెత్తున ఉండే స్పోర్ట్స్ కారులో కాళ్ళు బారజాపుకుని రోజూ ఆసుపత్రికి రావడం ఎలా మొదలైందో తలో రకంగా చెప్పుకుంటారు. జరిగింది మాత్రం ఇది.

ఆమె దగ్గరికి వచ్చే రోగుల్లో ప్రింటింగ్ ప్రెస్సున్న ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయనకో ఎర్ర బండి ఉండేది. రెండే సీట్లు, ఇంజను వీపు వెనక. వచ్చినప్పుడల్లా ఆమె, "అయ్యా, మీ నడుముకీ ఆ బండికీ పడదు, మానేయండి" అనేది. ఆయన అలాగేనమ్మా అని, మళ్ళీ అదే బండిలో వచ్చేవాడు.

ఒకరోజు పొద్దున సెక్యూరిటీ గార్డు ఆమె గదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ప్రెస్సాయన బండిలోనే ఉండిపోయారు. దిగట్లేదు."

"ఎందుకు?"

"రావట్లేదమ్మా మనిషి. నేను లాగి చూశాను."

"లాగకు," అంటూ ఆమె లేచి వెళ్ళింది.

పెద్దమనిషి స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఎదర రోడ్డున్నట్టే తిన్నగా చూస్తూ కూర్చున్నాడు. "నమస్కారం డాక్టరమ్మా," అన్నాడు తల తిప్పకుండా. తిప్పలేక. ఆమె ముందు ఆయన మోకాళ్ళు బయటికి తిప్పింది, తర్వాత భుజాలు, చివరికి మనిషిని మొత్తంగా బయటికి తీసి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన నొప్పికి కళ్ళు మూసుకున్నాడు గానీ, మధ్యలో ఒకసారి తెరిచి, "తలుపు మెల్లగా వెయ్యండమ్మా," అన్నాడు.

ఆ బండి సరిగ్గా ఎమర్జెన్సీ వార్డు దారికి అడ్డంగా ఆగి ఉంది. వెనకాల అంబులెన్సు హారను మోగిస్తోంది. తీయమంటే గార్డు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నేను ముట్టుకోనమ్మా. దానికేమైనా అయితే నా జీవితం సరిపోదు." పెద్దమనిషిని దించేటప్పుడు తీసిన తాళం ఆమె చేతిలోనే ఉంది. ఆమె తండ్రి లారీ డ్రైవరు. పెళ్ళికి ముందే ఆయన దగ్గర లారీ నడపడం నేర్చుకుంది. లారీలో కూర్చుంటే ఇళ్ళ కప్పులు కనిపించేవి. ఈ బండిలో దిగబడి చూస్తే అంబులెన్సు చక్రానికి ఉన్న బోల్టులు కనిపించాయి. తాళం తిప్పింది. మెడ వెనక నుంచి గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం వచ్చింది, అది వెన్నుపూసల మీదుగా కిందికి దిగింది.

బండిని పక్కన చెట్టు కింద పెడితే సరిపోయేది. ఆమె చెట్టు దాటింది. బట్టలుతికే షెడ్డు, వంటగది, మార్చురీ అన్నీ చుట్టి, ఆసుపత్రి ప్రహరీ వెంట పూర్తిగా ఒక చుట్టు తిరిగి, అప్పుడు చెట్టు కిందికి తెచ్చి ఆపింది. షెడ్డు దగ్గర దుప్పట్లు ఆరేస్తున్నవాళ్ళు దుప్పట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

గదిలోకి వచ్చాక మంచం మీద బోర్లా పడుకున్న పెద్దమనిషితో, "ఇక ఆ బండి అమ్మేయాల్సిందే," అంది.

"ఈ రోడ్ల మీద అదెవరు కొంటారమ్మా?"

ఆమె కాసేపు గోడ మీది వెన్నుపూస బొమ్మ వైపు చూసి, "నేను," అంది.

ధర సంగతి ఆ ఇద్దరి మధ్యే ఉండిపోయింది. రోగిని బెదరగొట్టి బండి కొట్టేసిందని ఆసుపత్రిలో కొన్నాళ్ళు గుసగుసలు నడిచాయి. ఆమె వినీ విననట్టు ఊరుకుంది. ఆమె నిజమే చెప్పింది గదా. నిజం చెప్పినప్పుడు తనకు కూడా ఏదో కలిసొస్తే ఆ నిజం నిజం కాకుండా పోతుందా అని ఒక్కసారి మాత్రం తనను తాను అడిగి చూసుకుంది. జవాబు తేలకముందే రోగి వచ్చాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త నగర గ్రంథాలయంలో లైబ్రేరియను. ఆరడుగుల మనిషి, మాట మాత్రం పక్కవాడికి కూడా వినపడీ వినపడనట్టు ఉంటుంది. ఆయన బండి చుట్టూ తిరిగి చూశాడు.

"వెనక సీటేది?"

"లేదండీ."

"డిక్కీ?"

"ముందుంది. ఓ చిన్న సూట్‌కేసు పడుతుంది."

"మరి నేను?"

కూర్చోమంది. కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆ భంగిమలోనే "బాగుంది," అన్నాడు. మర్నాటి నుంచి ఎప్పటిలాగే బస్సులో వెళ్ళాడు.

మూడో మనిషి అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. ఆవిడ గొంతు విన్నవాళ్ళు తెలియకుండానే నిటారుగా నిలబడతారు. మాట్లాడటం ముగిసిందని తను అనుకోగానే "లైను కట్ చేస్తున్నా" అనేది. ఆ తర్వాత ఎవరు ఎంత మొత్తుకున్నా వినేది కాదు. వరండాలో నిలబడి బండిని చూసి, "ఏంటమ్మాయ్, దీన్ని పడుకుని నడుపుతావా?" అంది.

"కూర్చునే నడుపుతానత్తయ్యా."

"నాకు కళ్ళున్నాయి. పనీపాటా లేని కుర్రాళ్ళు తిరిగే బండి ఇది. నేను మాత్రం ఎక్కను. లైను కట్ చేస్తున్నా."

ఇంటి నుంచి ఆసుపత్రికి దారి పెద్ద దూరమేం కాదు గానీ, ఆ రోడ్లను రోడ్లనడానికి మనసొప్పదు. వీధి చివర అక్కడివాళ్ళు తామే సిమెంటు కలిపి వేసుకున్న స్పీడు బ్రేకరు ఉంది, దున్నపోతు పడుకున్నట్టుంటుంది. అది దాటితే కేబుళ్ళవాళ్ళు తవ్వి పూడ్చిన గాడి. ఆ తర్వాత మూత లేని మ్యాన్‌హోలు, దాని గుర్తుగా నిలబెట్టిన విరిగిన కుర్చీ. మొదటి రోజే స్పీడు బ్రేకరు మీద బండి కడుపు గర్‌ర్‌ర్‌మని రాసుకుంది. ఆ శబ్దానికి ఆమె పళ్ళు జివ్వుమన్నాయి.

నాలుగు రోజుల్లో కిటుకు తెలిసింది. తిన్నగా ఎక్కకూడదు. ఏటవాలుగా, ఒక చక్రం ఎక్కించి, అది దిగాక రెండోది ఎక్కించాలి. అలా రోడ్డుకు అడ్డంగా పాకుతుంటే వెనక ఆటోలు గగ్గోలు పెట్టేవి. వీధి పిల్లలు ఆ బండికి పీత అని పేరు పెట్టారు. గంటకు రెండు వందల మైళ్ళు పోగలదని ప్రెస్సాయన చెప్పిన బండిని సైకిళ్ళు దాటిపోయేవి. భర్త ఎక్కిన సిటీ బస్సు రోజూ ఎక్కడో ఒక చోట ఆమెను దాటేది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. ఆమె కింది నుంచి ఊపేది.

మెకానిక్కు బండిని లేపి చూసి నిట్టూర్చాడు. "అమ్మా, ఇది రోడ్డు మీద నడవట్లేదు, రోడ్డును గోకుతోంది." కింద రేకు వేసి, స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి రెండు వేళ్ళ ఎత్తు లేపాడు. "ఇంతకు మించి లేపితే జీపు కొనుక్కోవచ్చు," అని కూడా అన్నాడు.

ఇంత అవస్థ ఎందుకు పడుతున్నావని తోటివాళ్ళు అడిగేవారు. రింగు రోడ్డు పక్కన మాత్రం ఒక రోడ్డు ముక్క, ఎవరి కళ్ళూ పడకనో ఏమో, నున్నగా మిగిలిపోయింది. రోజూ అక్కడికి రాగానే ఆమె కాలు నొక్కేది. వీపు వెనక ఇంజను గొంతు విప్పేది. గట్టిగా ఒక పాట పల్లవి పాడేంతసేపు కూడా ఉండదు ఆ ముక్క. ఇక రోజంతా ఇతరుల నొప్పులు వినబోయే మనిషికి అది సరిపోయేది.

ఇలా ఉండగా అత్తగారు స్నానాలగదిలో జారిపడింది. ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం కొడుకు వచ్చి తలుపు తీసేదాకా ఆ తడి నేల మీదే పడి ఉంది. తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఎముక బాగా అతుక్కుంది, ఇక నడవాలి, ఎంత నడిస్తే అంత మంచిది అని సర్జను చెప్పి పంపాడు.

ఆవిడ నడవలేదు. కిటికీ పక్కన మంచం వేయించుకుని కూర్చుంది. లేవమంటే నొప్పి అనేది. ఊళ్ళో సగం మందిని లేపి నడిపించిన కోడలి మాట ఇంట్లో చెల్లలేదు. "నీ డాక్టరీ ఆసుపత్రిలో పెట్టుకో అమ్మాయ్," అనేసింది. పోనీ అని కోడలు తన కింద పనిచేసే ఒక అమ్మాయిని పంపింది. అత్తగారు ఆ అమ్మాయి కష్టసుఖాలన్నీ కూర్చోబెట్టి అడిగి, సలహాలు చెప్పి, టీ ఇప్పించి పంపేసింది. తర్వాత ఒక కుర్రాణ్ణి పంపింది. అతను కాలు ఎత్తించి అంకెలు లెక్కపెడుతుంటే, "ఆరంటున్నావా, ఏడంటున్నావా? నంబరు స్పష్టంగా పలకడం రాదా?" అని అక్కడికక్కడే నేర్పింది. అంకెలు పలకడం వచ్చింది గానీ కాలు లేవలేదు. అతను మళ్ళీ రాలేదు.

అది నొప్పి కాదని కోడలికి తెలుసు. ఒంటరిగా పడి, పిలిస్తే పలికేవాళ్ళు లేక పూటంతా నేల మీద ఉన్న మనిషికి లేచి నిలబడటమంటే మళ్ళీ పడటమే. అలాంటివాళ్ళను ఎందర్నో చూసింది. ఆ మాట అత్తగారితో మాత్రం అనలేదు. భయపడుతున్నారని ఆవిడ మొహం మీద అంటే ఇక ఈ జన్మలో లేవదు.

ఎదురింటావిడది, అత్తగారిది ఒకటే వయసు. ఇద్దరి మధ్యా నలభై ఏళ్ళ స్నేహం ఉందని అందరూ అనుకునేవారు. నిజానికది పోటీ. ఒకరోజు ఎదురింటావిడ కంటాసుపత్రికి పోవాలని గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, అటే వెళ్తున్న డాక్టరమ్మ ఎక్కించుకుంది. తిరిగొచ్చేటప్పుడూ దింపింది. అంతే. అందులో ఎత్తూ లేదు, జిత్తూ లేదు.

సాయంత్రం ఎదురింటావిడ వచ్చి అత్తగారి మంచం మీద కూర్చుంది. "ఏమని చెప్పను వదినా! విమానమే అనుకో. మెత్తగా పోతుంటే రోడ్డు పక్కన జనమంతా తలలు తిప్పి చూడటమే. ఆ దుకాణాలూ, ఆ లైట్లూ!"

"కళ్ళలో మందు వేశారుగా నీకు. జనం ఎలా కనిపించారు?"

"పోయేటప్పుడు వేయలేదుగా," అంది ఎదురింటావిడ. "నీకు కుదరదులే పాపం. అందులోంచి లేవాలంటే కాళ్ళలో సత్తువుండాలి."

ఆ రాత్రి భోజనం పళ్ళెం తీసుకెళ్ళిన కోడలిని అత్తగారు చాలాసేపు చూసింది.

"ఆవిడ తనంతట తనే లేచిందా?"

"చెయ్యి పట్టుకున్నానత్తయ్యా."

"ఊఁ. ఎంత ఎత్తుంటుంది ఆ సీటు?"

కోడలు అత్తగారి మోకాలి పక్కన చెయ్యి పెట్టి, అక్కడి నుంచి జానెడు కిందికి దించి చూపించింది. అత్తగారు ఆ చేతి వైపు తేరిపార చూసింది. "రేపు పొద్దున ఏం చేయాలో చెప్పు. ఆ కుర్రాణ్ణి మాత్రం పంపకు."

మర్నాడు లైబ్రేరియను ఒక పని చేశాడు. గ్రంథాలయంలో చెదలు పట్టి పక్కన పడేసిన లావాటి విజ్ఞానసర్వస్వం సంపుటాలుంటే తెచ్చి, పీట మీద ఒకదాని మీద ఒకటి పేర్చి, కదలకుండా నైలాను తాడుతో బిగించి కట్టి, గోడకు ఆనించాడు. పైన దిండు వేశాడు. పుస్తకాల మీద మనిషి కూర్చోవడం ఆయన కళ్ళతో చూడలేక చుట్టూ దుప్పటి కప్పాడు. అత్తగారు ఆ ఎత్తు మీంచి లేవాలి, కూర్చోవాలి. అది సులువైతే ఒక సంపుటం తీసేయాలి. మొదటిసారి లేచినప్పుడు ఆవిడ గోళ్ళు కోడలి ముంజేతిలో దిగబడి గుర్తులు పడ్డాయి. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

వారాలు గడిచాయి. ఇంట్లో మాటల తీరే మారిపోయింది. "ఇవాళ ఏ సంపుటం మీదున్నావమ్మా?" అని కొడుకు అడిగేవాడు. "భూగోళం తీసేశాం. వైద్యం మీదున్నా. అది గట్టిది," అనేది తల్లి. ఆఖరికి పీట మిగిలింది. పీట మీంచి, చేత్తో కర్ర పట్టుకుని, పళ్ళ బిగువున లేచింది. కోడలు వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళు పోతున్నా కాసేపు అలాగే నిలబడింది.

ఆదివారం పొద్దున అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. కోడలు చెప్పినట్టే ముందు సీటుకు వీపు పెట్టి, కూర్చుని, అప్పుడు రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకుంది. ఎదురింటి కిటికీ రెక్క కదిలింది. అత్తగారు అటు చూడలేదు. చూడటం లేదని అటువైపు తెలిసేంత నిదానంగా చూడలేదు.

"ఎక్కడికి పోదాం అత్తయ్యా?"

"ఆవిడ కంటాసుపత్రి దాకా పోయింది కదా. దానికంటే ఒక వీధి ఎక్కువ."

బండి పీతలా స్పీడు బ్రేకరు ఎక్కి దిగింది. అత్తగారు తలుపు పిడి గట్టిగా పట్టుకుంది. ఆ కింది నుంచి చూస్తే లోకం వేరుగా ఉంది. లారీల కింద వేలాడే గొలుసులు, నడిచేవాళ్ళ చెప్పులు, కుక్కల మొహాలు సరిగ్గా కళ్ళకెదురుగా. ఒక కుక్క, ఆవిడ ఒకరినొకరు కాసేపు చూసుకున్నారు.

"విమానం లాగా ఏం లేదు," అంది చివరికి. "అబద్ధాలకోరు. ఇది నేల మీద బోర్లా పడి జారుతున్నట్టుంది." తర్వాత రింగు రోడ్డు ముక్క వచ్చింది. కోడలు కాలు నొక్కింది. అత్తగారి తల సీటుకు అతుక్కుంది. ఆ ముక్క అయిపోగానే ఆవిడ, "ఇంకా లేదా?" అని అడిగింది.

కంటాసుపత్రి దాకా ప్రతి గుంటా కోడలికి తెలుసు. ఆ ఎక్కువైన ఒక్క వీధే తెలియదు. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా కొత్తగా వేసిన సిమెంటు దిమ్మ ఎదురైంది. ఏటవాలుగా తిప్పడానికి చోటు లేదు, ఒక పక్క ఇసుక కుప్ప, ఒక పక్క ఆగిన వ్యాను. ముందు చక్రాలు దాటాయి. ఆ తర్వాత ధడేల్‌మని బండి కడుపు దిమ్మ మీద కూర్చుంది. ఇటూ లేదు, అటూ లేదు.

జనం పోగయ్యారు. ఒకతను వంగి చూసి, "బరువు తగ్గిస్తే కదులుతుంది. పెద్దావిడను ఎత్తి దించేద్దాం," అన్నాడు. నాలుగు చేతులు తలుపులోకి వచ్చాయి.

"ఎవరూ ముట్టుకోవద్దు."

ఎక్స్ఛేంజి గొంతు అది. నాలుగు చేతులూ వెనక్కి పోయాయి. వెనకెక్కడో హారను కూడా ఆగింది.

కోడలు దిగి అటు పక్కకు వచ్చి నిలబడింది. అత్తగారు రెండు కాళ్ళూ కలిపి బయటికి తిప్పింది. కర్ర నేల మీద ఆనించింది. ముందుకు వంగింది. పీట కంటే ఇది పల్లం, పైగా బండి వాలి ఉంది. మొదటిసారి సగం లేచి మళ్ళీ కూర్చుండిపోయింది. జనంలో ఎవరో "అయ్యో" అన్నారు. కోడలి చెయ్యి ముందుకు పోయింది. అత్తగారు ఆ చేతి వైపు చూసింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆసుపత్రిలో రోజూ చూసే పనే. ఈసారి మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకోవలసి వచ్చింది.

"పడితే?" అంది అత్తగారు, కోడలికి తప్ప ఎవరికీ వినపడకుండా.

"నేనిక్కడే ఉన్నాగా."

రెండోసారి లేచింది. కర్ర వణికింది, మనిషి నిలబడింది. ఒక్క క్షణం కోడలి భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది. తర్వాత అక్కడే నిలబడి పని అందుకుంది. "నీలం చొక్కా, నువ్వు కుడి చక్రం దగ్గరికి వెళ్ళు. ఆటో, నువ్వు వెనక్కి. గడ్డమాయనా, నేను చెప్పినప్పుడే తోయాలి, ముందు కాదు." అందరూ చెప్పినచోట నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు అని ఆవిడ ఎంత స్పష్టంగా పలికిందో, మూడుకు అందరూ ఒక్కసారే ఎత్తి తోశారు. బండి గర్‌ర్‌ర్‌మని దిగింది. కింది రేకు మాత్రం దిమ్మ మీదే ఉండిపోయింది. దాన్ని నీలం చొక్కా అతను తెచ్చి అత్తగారి చేతికిచ్చాడు. ఇంటి దాకా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

ఆ తర్వాత అత్తగారు ఇల్లంతా తిరగసాగింది. ముందు వరండా, తర్వాత హాలు, ఆ తర్వాత వంటగది. ఇన్ని నెలలూ కాలు పెట్టని వంటగదిలో డబ్బాలన్నీ చోటు మారాయని కనిపెట్టి, మళ్ళీ తన పద్ధతిలో సర్దింది. ఉప్పెక్కడుందో కోడలికి దొరకదు. కూర తగలేశావంటుంది. పొయ్యి సన్నగా పెట్టమంటుంది. ఇంత బాగా నయమైన కేసు తన ఉద్యోగం మొత్తంలో లేదని కోడలికి తెలుసు. ఎవరితో చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు. సాయంత్రం ఇంటికి రాగానే వెంటనే దిగకుండా, ఇంజను ఆపేసి, గేటు లోపల బండిలోనే కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఒక సాయంత్రం అలాగే కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా పక్క తలుపు తెరుచుకుంది. అత్తగారు సీటుకు వీపు పెట్టి, కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుని తలుపేసుకుంది. ఎక్కడికైనా పోదామంటుందేమోనని కోడలు తాళం మీద చెయ్యి వేసింది.

"వద్దు. లోపల మీ ఆయన వంట చేస్తానంటున్నాడు. చూడలేక వచ్చా," అంది అత్తగారు.

ఇద్దరూ ముందు అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంట్లో ఏదో గిన్నె కింద పడింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.